బోర్డు బాగుంది, సిగ్నలే లేదు

పోయినసారి చూపించిన వాటర్ ట్యాంక్ బోర్డు గుర్తుందా? "ఇక మా అమ్మ మేడ ఎక్కాల్సిన పనే లేదు" అని గొప్పగా చెప్పాను కదా. వారం తిరక్కుండానే అమ్మ మేడ ఎక్కింది. మోకాళ్ల నొప్పులతో, వానకు తడిసిన మెట్ల మీద. ఎందుకంటే ఫోన్‌లో ట్యాంక్ 80 శాతం అని కనిపిస్తోంది, కుళాయిలో చుక్క నీళ్లు లేవు. ఆ 80 శాతం పొద్దున ఆరింటి రీడింగ్. తర్వాత బోర్డు వైఫైకి కనెక్టే కాలేదు, యాప్ మాత్రం పాత అంకె పట్టుకుని కూర్చుంది.

"నీ బోర్డు కంటే నా మోకాళ్లే నయం రా" అంది. ఏం మాట్లాడతాం చెప్పండి!

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి ముందు కోడ్‌నే అనుమానించాను. పవర్ సేవ్ మోడ్ ఆపేశాను, ట్రాన్స్‌మిట్ పవర్ ఫుల్‌గా పెట్టాను. రెండు రాత్రులు పోయాయి. ఆ తర్వాత పాపం రౌటర్‌ని తిట్టాను. అసలు మొదటి రోజే చేయాల్సిన పని మూడో రోజు చేశాను. అదేంటంటే, పోల్చి చూడటం.

నా బోర్డులో ఉన్నది ఈఎస్‌పీ32 మాడ్యూల్. అదే మాడ్యూల్ ఉన్న రెడీమేడ్ డెవలప్‌మెంట్ బోర్డు ఇంట్లో ఉంది. రెండిట్లో ఒకటే కోడ్ వేసి, రౌటర్‌కి రెండు మీటర్ల దూరంలో ఒకే అట్టపెట్టె మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. చేత్తో పట్టుకోకూడదు, మన చెయ్యి కూడా సిగ్నల్‌ని తినేస్తుంది. రీడింగ్ నిలకడగా ఉండదు, మూడు నాలుగు డీబీ అటూ ఇటూ ఊగుతుంది. అందుకే 30 రీడింగులు తీసి సగటు చూశాను. రెడీమేడ్ బోర్డుకి మైనస్ 40 డీబీఎం. నాదానికి మైనస్ 66.

26 డీబీ తేడా అంటే చిన్నదేం కాదు. ప్రతి 10 డీబీకి పవర్ పది రెట్లు తగ్గుతుంది. 26 అంటే దాదాపు 400 రెట్లు. ఇంత తేడా ఉన్నాక కోడ్ తప్పు కాదు, రౌటర్ తప్పు అసలే కాదు. తప్పు నా బోర్డులోనే ఉంది.

మొదట బ్యాటరీ తీసేసి, యూఎస్‌బీతో నడిపి చూశాను. సెల్ హోల్డర్‌ని సరిగ్గా యాంటెన్నా కిందే పెట్టాను మరి, అది ఇనుప డబ్బా లాంటిదే. మైనస్ 61 అయింది. కొంచెం నయం, కానీ అసలు దొంగ ఇంకా దొరకలేదు.

ఐదు బోర్డులు చేయించాను కదా, ఒకటి ఖాళీగా ఉంది. దాని కింద ఫోన్ టార్చ్ పెట్టాను. రాగి లేని చోట బోర్డులోంచి వెలుతురు కనిపిస్తుంది, ఉన్న చోట చీకటి. యాంటెన్నా కూర్చునే చోట మొత్తం చీకటే! పైనా కిందా గ్రౌండ్ రాగి పరిచేసి ఉంది.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. కైక్యాడ్ లైబ్రరీలోని ఆ మాడ్యూల్ ఫుట్‌ప్రింట్‌లో యాంటెన్నా చుట్టూ "ఇక్కడ రాగి వద్దు" అని ఒక గీత ఉంది. మాడ్యూల్‌ని బోర్డు మధ్యలో పెడితే అందంగా ఉంటుందని నేను అక్కడికి జరిపాను. ఎర్రర్లు వచ్చాయి. ఎర్రర్లు పోవాలని ఆ గీతనే డిలీట్ చేశాను. కోడ్‌లో వార్నింగులు కామెంట్ చేసి పారేసే అలవాటు ఇక్కడికీ వచ్చింది.

2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. మాడ్యూల్ చివర మెలికలు తిరిగిన ఆ చిన్న రాగి గీతే యాంటెన్నా. దాని కింద మిల్లీమీటరు దూరంలో రాగి పలక ఉంటే, అందులో ఎదురు దిశలో కరెంట్ పుట్టి రేడియేషన్‌ని కొట్టేస్తుంది. పైగా యాంటెన్నా పనిచేసే ఫ్రీక్వెన్సీ కూడా పక్కకి జరిగిపోతుంది. ఎస్ప్రెసిఫ్ వాళ్ల గైడ్‌లో స్పష్టంగా ఉంది, యాంటెన్నా బోర్డు బయటికి పొడుచుకు రావాలి, కుదరకపోతే చుట్టూ కనీసం 15 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి అని.

నిజమో కాదో తేల్చుకోవాలి కదా. మొబైల్ రిపేర్ షాపు అన్న దగ్గర హాట్ ఎయిర్‌తో మాడ్యూల్ ఊడదీయించి, యాంటెన్నా కిందా చుట్టూ బోర్డుని ఆకురాయితో అరగదీసి, మళ్లీ అతికించాం. మైనస్ 45! చూడ్డానికి ఎలుక కొరికినట్టు ఉంది, పనిచేస్తోంది.

ఒక్క మాట. మాడ్యూల్ కాకుండా చిప్ నేరుగా పెట్టి, యాంటెన్నా మీరే గీస్తే కథ వేరు. 50 ఓమ్స్ లైన్, మ్యాచింగ్ కాంపోనెంట్లు, వాటిని కొలవడానికి నానోవీఎన్‌ఏ కావాలి. అది ఇంకో ఎపిసోడ్.

కొత్త వెర్షన్‌లో మాడ్యూల్‌ని అంచుకి పెట్టి యాంటెన్నాని బయటికి వదిలాను, బ్యాటరీ అటు చివరకి పోయింది. డబ్బాని కూడా ట్యాంక్ వెనక నుంచి తీసి మెట్ల వైపు బిగించాను, నీళ్లు కూడా 2.4 గిగాహెర్ట్జ్‌ని బాగానే మింగుతాయి. మేడ మీద మైనస్ 88 ఉండేది, ఇప్పుడు మైనస్ 63. యాప్‌లో రీడింగ్ పక్కన టైమ్ కూడా చూపిస్తున్నాను, పది నిమిషాలు దాటితే అంకె ఎర్రగా మారుతుంది.

అమ్మ మాత్రం ఫోన్ చూశాక కూడా ఒకసారి కుళాయి తిప్పి చూస్తోంది. సరే ఫ్రెండ్స్, ఉంటాను.