తుంటి కీలు - రెండో ఆపరేషన్



నేను డాక్టర్ని కాను, రిటైరైన సుబేదార్ని. నా తుంటి కీలు రెండుసార్లు మార్చారు. ఆ అనుభవమే చెబుతాను.

2009లో, సర్వీసులో ఉండగానే, ఎముకకు రక్తం అందక కీలు మార్చారు. లోహపు గిన్నెలో లోహపు బంతి. మూడేళ్లు హాయిగా నడిచాను. తర్వాత గజ్జల్లో నొప్పి. సిపాయికి ఇదొక లెక్కా అని ఏడాది ఓర్చుకున్నాను. అదే నా తప్పు.

లోహం లోహంతో రాసుకుంటే కోబాల్ట్, క్రోమియం రజను రాలి చుట్టూ ఉన్న కండను, ఎముకను పాడుచేయవచ్చు. 2010 ఆగస్టులో ఏఎస్ఆర్ అనే ఇలాంటి కీలును ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అప్పటికే సుమారు 93 వేలు అమర్చారు. నాది ఆ రకం కాదు, బాధ మాత్రం అదే. రక్తంలో ఈ లోహాలు లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్తపడాలని బ్రిటన్ అధికారులు సూచించారు.

రెండో ఆపరేషన్ మొదటిదంత సులువు కాదు. కీలు జారడం, చీము పట్టడం వంటి ప్రమాదాలు ఎక్కువ. కండ దెబ్బతినక ముందే చేస్తే ఫలితం మేలు. 2013లో నాకు ప్లాస్టిక్ గిన్నె, సిరామిక్ బంతి వేశారు. నొప్పి పోయింది, రక్తంలో లోహం తగ్గింది. కుంటు మిగిలింది. ఏడాది ఆలస్యానికి అది జరిమానా.

అందుకే చెప్పేది, కీలు వివరాల స్టిక్కరున్న డిశ్చార్జి కాగితాలు భద్రంగా దాచుకోండి. లోహపు కీలున్నవారు నొప్పి లేకపోయినా ఏటా చూపించుకోండి. ఇసిహెచ్ఎస్ కార్డు బీరువాలో దాచుకోడానికి కాదు.

జై హింద్.