మందు ముగియువరకు



నేను సికింద్రాబాదు వాడను. మొదట క్షయ సోకినప్పుడు రెండు నెలలకే దగ్గు తగ్గినది, మాత్రలు మానివేసితిని. ఆ తప్పు నాదే. మిగిలిన క్రిములు మందుకు లొంగనివైనవి. 2015లో కఫము పరీక్షింపగా ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండును పనిచేయవని తేలినది.

పిమ్మట రెండేండ్ల చికిత్స. ఆరు నెలలకు పైగా కనమైసిన్ సూదులు. వాంతులు, చెవులలో హోరు. నేటికిని పాట నాకు సన్నగానే వినబడును. అంతకన్న బాధించినది, నయమైన తరువాత కూడ గుడిలో నా బెంచీపై ఎవరును కూర్చుండకపోవుట.

ఒక పెద్దమ్మగారు మాత్రము ప్రతి సాయంత్రము వచ్చి, వరండాలో గాలి తగులుచోట కూర్చుండి, నేను మాత్రలు మ్రింగువరకు కదలెడివారు కారు. ఆమె రాకున్న మరల మానియుందును.

2024లో మన దేశము సూదులు లేని ఆరు నెలల చికిత్సను ఆమోదించినది. అయినను మాత్ర మ్రింగవలసినది రోగియే. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో పలు మిషనులు కలిసి క్షయ ఆసుపత్రిని నెలకొల్పినవి. మనము అంత చేయనక్కరలేదు. రెండు వారములుగా దగ్గుచున్న పొరుగువానిని పరీక్షకు తోడుకొని పోవుదము. మందు ముగియువరకు అతని వాకిట కూర్చుందము.