గోదారి వరద బిల్లు ఎవరికి పంపాలి?

ఇవాళ పోలవరంలో గోదారి గట్టు మీద నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో గాలి హోరు వినబడితే ఏమీ అనుకోకండి.

2022 జూలై వరద మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 53 అడుగులకు వస్తేనే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ నెల 16న 71.3 అడుగులకు వెళ్లింది. ఇటు కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఊళ్లకు ఊళ్లే మునిగాయి. అప్పుడు ప్రభుత్వం కుటుంబానికి 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అది చాలిందా లేదా అన్నది పక్కన పెడదాం. ఆ డబ్బు ఎవరిది? ఖజానాది, అంటే మనదే. మునిగిందీ మనమే, బిల్లు కట్టిందీ మనమే.

అమెరికాలో కొన్ని ప్రభుత్వాలు ఆ బిల్లు వేరేవాళ్లకు పంపుతున్నాయి. 2018లో రోడ్ ఐలాండ్ రాష్ట్రం, 2020లో హొనొలులు నగరం, 2023లో కాలిఫోర్నియా చమురు కంపెనీల మీద కోర్టుకెక్కాయి. వాళ్ల వాదన ఏంటంటే, "మీరు చమురు అమ్మారు, అది వ్యాపారం, సరే. కానీ దీనివల్ల భూమి వేడెక్కుతుందని మీ సొంత శాస్త్రవేత్తలే 1970లలో మీకు చెప్పారు. అది దాచి జనానికి వేరే కథ చెప్పారు. ఇప్పుడు సముద్రం ముందుకొస్తే గట్లు కట్టే ఖర్చులో మీ వంతు మీరు కట్టండి." సిగరెట్ కంపెనీల చేత 1998లో అక్కడి రాష్ట్రాలు కట్టించింది దాదాపు ఇదే పద్ధతిలో.

గెలిచారా అంటే, తీర్పు వచ్చి పరిహారం చేతికందిన కేసు ఇంతవరకు ఒక్కటీ లేదు. బాల్టిమోర్ కేసును 2024లో కింది కోర్టు కొట్టేసింది. హొనొలులు కేసును ఆపమని కంపెనీలు అడిగితే 2025 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు కలగజేసుకోనంది. అదే ఏడాది హవాయి రాష్ట్రం కేసు వేయబోతుంటే, వేయకూడదంటూ కేంద్ర ప్రభుత్వమే హవాయి మీద కోర్టుకు వెళ్లింది!

మరి మన గోదారికి ఇది వర్తిస్తుందా? ఇక్కడే అసలు చిక్కు.

మొదటిది, రుజువు. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. మంట ఎదురుగా ఉంది, బావి ఎవరిదో తెలుసు. వరద అలా కాదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. 1950 నుంచి 2015 వరకు లెక్క చూస్తే, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతిభారీ వర్షాలు మూడింతలయ్యాయని మన శాస్త్రవేత్తలే తేల్చారు. గోదారికి నీళ్లొచ్చేది ఆ వైపు నుంచే. అయినా కంపెనీ లాయరు ఊరుకుంటాడా? "1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది కదా, అది ఎవరి పొగ వల్ల?" అంటాడు. "2022 ముంపు పోలవరం ప్రాజెక్టు వల్లేనని తెలంగాణ మంత్రే అన్నారు కదా" అని కూడా అంటాడు. అవి కొట్టిపారేసే మాటలు కావు.

దీనికి జవాబు లేకపోలేదు. పెరూ రైతు ఒకాయన జర్మనీ విద్యుత్ కంపెనీ మీద కేసు వేసి, వరద రక్షణ ఖర్చు మొత్తం కాదు, ప్రపంచ ఉద్గారాల్లో ఆ కంపెనీ వాటా 0.47 శాతం కాబట్టి అంతే ఇమ్మన్నాడు. 2025 మేలో ఆయన ఓడిపోయాడు, తన ఇంటికి ముప్పు తక్కువని. కానీ ఇలాంటి కంపెనీలను సూత్రప్రాయంగా బాధ్యుల్ని చేయవచ్చని అదే కోర్టు అంది. అంటే మొత్తం నేరం రుజువు చేయక్కర్లేదు, వంతు తేలిస్తే చాలు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మన ప్రభుత్వం కేసు ఎవరి మీద వేస్తుంది? ఈ లోయలో బొగ్గు తవ్వేది సింగరేణి. అందులో తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం. కోనసీమలో చమురు, గ్యాసు తీసేది ప్రధానంగా ఓఎన్‌జీసీ, అదీ కేంద్రానిదే. కోల్ ఇండియా కూడా అంతే. వాది, ప్రతివాది ఒకే ఇంటివాళ్లు. వాటి లాభంలో వాటా ప్రభుత్వానికే వస్తుంది, ఆ ప్రభుత్వమే మనకు బియ్యం పంచుతుంది. పైగా మనకు కరెంటు ఆ బొగ్గు నుంచే వస్తోంది. విదేశీ కంపెనీల మీద వేయొచ్చు, కానీ మన వాటా సంగతి ముందు తేల్చమంటారు.

అయితే జనం తరఫున దారి మూసుకుపోలేదు. కాలుష్యం చేసినవాడే కట్టాలన్న సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1996లోనే ఒప్పుకుంది. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కని 2024లో చెప్పింది. హక్కు ఉంది. లేనిది లెక్క.

నా మాట ఒక్కటే అండి. కేసు ఎవరు వేసినా, పదేళ్లకు వేసినా, కోర్టు అడిగేది కాగితమే. నీళ్లు గోడ మీద ఎంతవరకు వచ్చాయో గుర్తు పెట్టండి. తేదీతో ఫొటో తీయండి. నష్టం అంచనాకు వచ్చినవాళ్లు రాసుకెళ్లిన దాని నకలు అడగండి. పశువులు, విత్తనాలు, పోయిన కూలి రోజులు, అన్నీ రాసి పంచాయతీలో ఒక ప్రతి ఉంచండి. ఇప్పుడు మనం రాసుకోకపోతే, రేపు బిల్లు పంపాల్సి వచ్చినప్పుడు అందులో వేయడానికి అంకె ఉండదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.