అరటిగెలకు మెత్తని ఆసరా
(మహానంది ప్రాంత గ్రామ పంచాయతి సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మహానందికి వచ్చిన యాత్రికుడు కోనేటిలో స్నానము చేసి, అడుగున పడిన నాణెమును సయితము చూపించు ఆ నీటి తేటదనమును మెచ్చుకొని తన దారిని పోవును. ఆ నీరు కోనేరు దాటిన పిదప ఎక్కడికి పోవుచున్నదో అతనికి తెలియదు, మనకు తెలియును. నల్లమల పాదమున పుట్టిన ఈ ఊట, చుట్టుప్రక్కల మెట్టభూములు నెఱ్ఱెలు విచ్చు వేసవిలో గూడ మన అరటితోటలను తడుపుచున్నది. ఇట్టి భాగ్యము రాయలసీమలో ఎన్ని గ్రామములకు కలదు? అయినను అరటి రైతు చేతికి రావలసిన సొమ్ము కొంత జారిపోవుచునే యున్నది. ఆ జారిపోవుట తోటలో కంటె తోట దాటిన తరువాతనే హెచ్చని మా అనుభవము. కోసిన గెలను మోసి, కొట్టములో నుంచి, బండికెక్కించు ఆ ఒకటి రెండు దినముల నష్టమును గూర్చియే, అందులోను ఇనుప ర్యాకులను గూర్చియే, నేడు ముచ్చటింపదలచితిమి.

ర్యాకు ఏమంత పెద్ద విషయమని మీలో కొందరు నవ్వవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి.

కొందరు రైతులు గెలలను నేలపై పోగువేయుట మాని, వెల్డింగు దుకాణములో యాంగిలర్లు, కమ్ములు కొలతకు కోయించి ర్యాకులు చేయించుకొనుచున్నారు. ఇది మంచి మార్పే. పోగులో గాలి ఆడదు; అడుగు గెల పై గెలల బరువునంతయు మోయవలసి వచ్చును. కాని పండును కాపాడుటకు చేయించిన ర్యాకే పండును గాయపరచుట కూడ మేము చూచితిమి. కారణము సులభముగా తెలియును. చాకు అంచుతో నొక్కినను, అరచేతితో నొక్కినను బలము ఒక్కటే కావచ్చును. ఫలితము ఒక్కటి కాదు. ఇరువది కిలోల గెల చిటికెనవ్రేలి లావు కమ్మిపై ఆనినపుడు బరువంతయు రెండు మూడు కాయలపై పడును. అదే గెల జానెడు వెడల్పు గల మెత్తని పట్టెపై ఆనినచో బరువు పంచుకొనబడును.

ఇక అరటికాయ గాయమునకు ఒక దుర్గుణము కలదు. అది వెంటనే కనబడదు. పచ్చికాయకు దెబ్బ తగిలినపుడు తోలు లోపలి కణములు చిట్లును. వాని రసము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నల్లబడ మొదలిడును. పచ్చని తోలుపై ఆ మార్పు అంతగా తెలియదు. కాయ మాగి పసుపువన్నెకు తిరిగినపుడు నల్లమచ్చ పైకి తేలును. అప్పటికి సరకు నంద్యాలయో కర్నూలో చేరియుండును. తోటలోనే చెడినదని వ్యాపారి తరుగు తీయును. నీ బండిలో చెడినదని రైతు వాదించును. ఇద్దరును కలిసి హమాలీని తిట్టుదురు. తగవు తుదకు మీ అరుగు మీదికే వచ్చును. మచ్చ పడిన నాడు సాక్షి యెవరును ఉండరు గనుక తీర్పు చెప్పుటయు కష్టమే.

అంతటితో పోదు. గాయపడిన కాయ ఎథిలీన్ అను వాయువును హెచ్చుగా విడుచును. కాయలను మాగించునది ఈ వాయువే. ఒక్క గెల తొందరపడి మాగినచో ప్రక్క గెలలను గూడ తొందరపెట్టును. రెండు దినములు ఆగి మంచి ధరకు అమ్మదలచిన రైతు, ఆగలేక వచ్చిన ధరకు వదలుకొనును.

మా తొలి ప్రయత్నము ఎట్లు చెడెనో దాచక చెప్పెదము. వట్టి ఇనుముపై గోనెలు చుట్టి, పురికొసతో బిగించి, పని ముగిసినదనుకొంటిమి. మెత్తగానే యుండెను. వానకాలము వచ్చెను. గోనె తడిని పీల్చి విడువదాయెను. తడిసిన గుడ్డలో ఇనుము తుప్పు పట్టక ఏమి చేయును? కొన్ని నెలలకు గోనెపై ఎఱ్ఱని చారలు తేలినవి. విప్పి చూడగా కమ్మి పొలుసులుగా రాలినది. ఒక మూల ఎలుక పిల్లలను గూడ పెట్టినది. మెత్తతో మేము కప్పినది ఇనుమును కాదు, తుప్పును. అందుచే మెత్తకు ముందు పూత తప్పదని నేర్చుకొంటిమి.

ఆ పని క్రమము ఇట్టిది. వెల్డింగు చేసిన చోటులందు మిగులు బొడిపెలను, కోసిన కమ్మి కొనలను ఆకురాయితో అరగదీయవలెను. వ్రేలిని అంచు వెంట నడిపినపుడు ఎక్కడను గుచ్చుకొనరాదు; వ్రేలిని గుచ్చునది మెత్తను గూడ చీల్చును. పిమ్మట తీగల బ్రష్షుతోను, గరుకు కాగితముతోను తుప్పును వదలించి, జిడ్డును తుడిచి ఆరనీయవలెను. తుప్పు మీదనే రంగు వేయుట గోడ తడిగా నుండగా సున్నము కొట్టుట వంటిది. తరువాత రెడాక్సైడు పూత ఒకటి. అది ఒక దినము ఆరిన పిమ్మట ఎనామిల్ రంగు రెండు పూతలు. క్రింది కాళ్లను, అతుకులను మరువరాదు. తుప్పు మొదట పుట్టునది అచ్చటనే. రంగు కొనునపుడు సీసము సంగతి చూడుడు. ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులో నున్నది. ఆ విషయము డబ్బాపై వ్రాసియుండవలెను. అటకమీది పాత డబ్బాను తినుపదార్థము నుంచు వస్తువునకు వాడకుడు. రంగు వాసన పూర్తిగా పోవువరకు ర్యాకుపై కాయ నుంచరాదు.

ఇక మెత్త. పెద్దలు బండిలో ఎండుటరటాకులు, దొప్పలు పరచి గెలలను పేర్చెడివారు. ఆ పద్ధతిని మేము చిన్నచూపు చూడము. ఖర్చు లేనిది, మెత్తనిది. అయితే ఆ ఆకులను ప్రతి దఫాకు మార్చవలెను. పాత ఆకులలో బూజు పుట్టి గెల కోతకు అంటును. ర్యాకునకు స్థిరమైన మెత్త కావలెనన్నచో ట్రాక్టరు పాత ట్యూబును చీల్చి చుట్టుట ఒక మార్గము. అది చాలకాలము మన్నును, నీటితో కడుగవచ్చును. కాని నల్లదనమును, వాసనను వదలును గనుక పైన తొడుగు అవసరము. వ్రేలెడు మందము గల తెల్లని ఫోము పట్టెలు తేలికైనవి, కాని త్వరగా చినుగును. వానికిని పైన టార్పాలిను గుడ్డ తొడుగవలెను. కొబ్బరిత్రాడు చుట్టుట మాకు నచ్చలేదు. అది గట్టిగానే నిలుచును గాని గరుకు. బండి కదలినపుడు కాయ తోలును గీయును. ఎరువుల సంచులు, పురుగుమందుల సంచులు ఎంత కడిగినను వలదు.

మెత్త చాలునో చాలదో తెలియుటకు బొటనవ్రేలే పరీక్ష. గట్టిగా నొక్కినపుడు లోపలి ఇనుము తగిలెనా, పలుచన. మెత్తను జిగురుతో అతికించుట కంటె తొడుగువలె కుట్టి, త్రాటితో ముడివేయుట మేలు. అరటి కఱ అంటినపుడు విప్పి ఉతికి, ఎండలో ఆరవేయవచ్చును. విప్పినపుడెల్ల ఇనుము ఎట్లున్నదో చూచుకొనవచ్చును. జిగురే వాడవలసివచ్చినచో తలుపులు మూసిన గదిలో వాడరాదు; దాని ఆవిరి ఊపిరికి చెఱుపు, నిప్పునకు చెలికాడు.

ఇది మన ఊరి చాదస్తము కాదు. 2020లో తాడిపత్రి నుండి ముంబయి రేవునకు, విదేశములకు పోవలసిన అరటి, శీతల పెట్టెలు గల ప్రత్యేక రైలులో పోయినది. అట్లు ఎగుమతియగు అరటిని అట్టపెట్టెలలో మెత్తని పొరల నడుమనే సర్దుదురు. సూత్రమొక్కటే: గట్టి వస్తువు కాయను నేరుగా తాకరాదు. అయితే మెత్త యున్నదని ఒక అరపై మూడు వరుసల గెలలను పేర్చినచో ఫలితము సున్న. క్రింది కాయకు పై కాయయే ఇనుమగును.

ఇందు పంచాయతి చేయవలసినదేమి? 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో వ్యవసాయ విస్తరణయు, సంతలును ఉన్నవి. కనుక ఇది మీ పరిధిలోనిదే. ఎకరము, అరయెకరము తోట గల రైతు సొంతముగా ర్యాకు చేయించుకొనలేడు. అట్టివారికై నీడగల చోట ఉమ్మడి ర్యాకు ఒకటి ఉంచవచ్చును. తొడుగులు కుట్టు పనిని పొదుపు సంఘముల స్త్రీలకు కూలి నిచ్చి అప్పగింపవచ్చును. ఉచితముగా అడుగుట న్యాయము కాదు. వానిని ఉతుకువారెవరో ముందే తీర్మానించి పుస్తకములో వ్రాసికొనుడు. ఉమ్మడి వస్తువు చెడునది సాధారణముగా అచ్చటనే. సందేహములున్నచో మహానందిలోనే వ్యవసాయ కళాశాలయు, ఉద్యాన పరిశోధన స్థానమును కలవు; అడుగుటకు దూరము పోనక్కరలేదు.

సొమ్ము చాలదని ఆగవలదు. ర్యాకు అంతటికి ఒక్కసారి మెత్త వేయలేనిచో, గెలను లోనికి నెట్టునపుడు మొదట తగులు ముందటి అంచునకు వేయుడు. మేము విప్పి చూచిన తొడుగులలో ముందుగా నలిగినవి ఆ అంచువే. తరువాత అడుగు అరకు, సొమ్ము సమకూడిన కొలది మిగిలిన వానికి వేసికొనవచ్చును. పూత మాత్రము మొదటి దినముననే అంతటికిని వేయుడు.