గ్యాసు కారులో హెచ్చరిక దీపము

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఆదోని మార్కెట్టునకు పోవు ప్రత్తి రైతునకును, ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయము పోవు యాత్రికులకును, రాత్రివేళ నొప్పులు పడు గర్భిణిని ఆసుపత్రికి చేర్చవలసిన కుటుంబమునకును అనేక పర్యాయములు గ్రామములోని అద్దె కారే దిక్కగుచున్నది. పెట్రోలు ఖర్చు తగ్గునను ఆశతో కొందరు యజమానులు తమ కార్లకు ఎల్.పి.జి. పరికరములు అమర్చుకొనుచున్నారు. మోటారు వాహనముల చట్టమునకు 2000 సంవత్సరములో జరిగిన సవరణ వలన ఇది మన దేశమున చట్టసమ్మతమైనది. అట్టి కారులో ఇంజను ఆకారముగల పసుపుపచ్చని దీపము వెలిగినప్పుడు ఏమి చేయవలయునో నేడు మీకు మనవి చేసెదను.

దీపము వెలుగగనే డ్రైవరు “గ్యాసు బండికి ఇది మామూలే” అని దానిపై నల్లటేపు అంటించుట ఒక పొరపాటు. మెకానిక్కు పరీక్షింపకయే వెలగల సెన్సారును మార్చుట రెండవ పొరపాటు. కావలివాడు కేక వేసినప్పుడు వాని నోరు మూసినచో దొంగ పోడు కదా!

ఈ దీపము వెలుగుటకు కారణమేమి? ఒక కిలో పెట్రోలు చక్కగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఒక కిలో ఎల్.పి.జి.కి సుమారు 15.5 కిలోలు కావలెను. పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు మంట తీరును కనిపెట్టి ఇంజను కంప్యూటరునకు తెలుపుచుండును. కంప్యూటరు ఇంధనమును కొంచెము పెంచియో తగ్గించియో సరిదిద్దును. అయితే ఆ కంప్యూటరు పెట్రోలు కొరకు తయారైనది. గ్యాసు పరికరములను సరిగా ట్యూనింగు చేయనిచో అది మాటిమాటికిని సరిదిద్దవలసి వచ్చును. ఆ సవరణ హద్దు మీరినప్పుడు దీపము వెలుగును. కాబట్టి దీపము సాక్షియేగాని నేరస్థుడు కాదు.

ఇక పరీక్షా విధానము. మొదట దీపము నిలకడగా వెలుగుచున్నదా, మిణుకుచున్నదా చూడవలెను. మిణుకుచు, ఇంజను కుదుపుచున్నచో మిస్సింగు తీవ్రముగా నున్నదని అర్థము. మండని ఇంధనము పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరును చేరి, దానిని మిక్కిలి వేడెక్కించి చెరుపును. అప్పుడు వేగము తగ్గించి బండిని ఆపవలెను.

నిలకడగా వెలిగినచో స్కానరు పెట్టించి, అది చూపు సంకేతమును కాగితముపై వ్రాసికొనిన పిమ్మటనే చెరిపించవలెను. తరువాత రెండు మూడు దినములు కేవలము పెట్రోలు మీదను, మరి రెండు మూడు దినములు గ్యాసు మీదను అదే దారిలో నడుపవలెను.

రెండింటి మీదను దీపము వెలిగినచో దోషము ఇంజనులో నున్నది. ప్లగ్గులు, కాయిళ్లు, గాలి లోనికి కారు గొట్టములు, సెన్సార్లు చూపించవలెను. గ్యాసు మీద మాత్రమే వెలిగినచో గ్యాసు ఫిల్టరు, రెడ్యూసరు ఒత్తిడి, గ్యాసు ఇంజెక్టర్లు, ట్యూనింగు పరీక్షింపవలెను. పెట్రోలు మీద మాత్రమే వెలిగినచో, చాలకాలము వాడకపోవుటచే పెట్రోలు ఇంజెక్టర్లు పూడియుండవచ్చును. లేదా గ్యాసు మీద నేర్చిన తప్పు సవరణ కంప్యూటరు జ్ఞాపకములో మిగిలియుండవచ్చును. అందుచేత పెట్రోలు ట్యాంకును ఎన్నడును ఎండబెట్టరాదు.

తరచుగా కనబడు సంకేతములు మూడు. పి 0171 అనగా ఇంధనము చాలలేదని. గ్యాసు ఫిల్టరు పూడినను, ఒత్తిడి తగ్గినను ఇది వచ్చును. పి 0172 అనగా ఇంధనము హెచ్చైనదని. రెడ్యూసరులోని పొర చెడినచో ఇట్లు కావచ్చును. పి 0300 అనగా మిస్సింగు. గ్యాసును అంటించుటకు పెట్రోలుకన్న బలమైన నిప్పురవ్వ కావలెను గనుక, పెట్రోలునకు పనిచేసిన పాత ప్లగ్గు గ్యాసునకు చాలకపోవచ్చును. మరియొక మాట: రెడ్యూసరు ఇంజను వేడినీటితోనే వెచ్చబడును. రేడియేటరులో నీరు తగ్గినచో రెడ్యూసరు చల్లబడి మంచు పట్టును. కాబట్టి ఖర్చులేని ఈ పరీక్షను ముందుగా చేయవలెను.

గ్యాసు వాసన వచ్చినచో ఈ పరీక్షలేవియు చేయరాదు. ఎల్.పి.జి. గాలికన్న బరువైనది, డిక్కీలోను పల్లములోను నిలిచిపోవును. ఇంజను ఆపి, అందరిని దింపి, వీలైనచో ట్యాంకు వాల్వు మూసి, అగ్గిపుల్లకును స్విచ్చికిని దూరముగా ఉండి, 1906 నంబరునకు ఫోను చేయవలెను.

వంటగ్యాసు సిలిండరును కారులో పెట్టుట చట్టవిరుద్ధము, ప్రాణాపాయకరము. కార్లకై తయారైన ట్యాంకులో 80 శాతము నిండగనే గ్యాసును ఆపు వాల్వు ఉండును. వంట సిలిండరులో అది లేదు. ఎండకు గ్యాసు వ్యాకోచించినప్పుడు ఆ ఖాళీయే రక్షణ. మన ప్రాంతపు వేసవి యెట్టిదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

సభ్యులారా! మీరు మెకానిక్కులు కానక్కరలేదు. పంచాయతీ పనికిగాని రోగి కొరకుగాని కారును పిలుచునప్పుడు రెండు సంగతులు చూడుడు. ఆర్.సి.లో ఇంధనముగా ఎల్.పి.జి. నమోదై యున్నదా? తాళము త్రిప్పగనే ఇంజను దీపము వెలిగి, ఇంజను నడువగనే ఆరుచున్నదా? తాళము త్రిప్పినను వెలుగనిచో ఎవరో దానిని కప్పియో తీసివేసియో ఉండవచ్చును. అట్టి కారును మరమ్మత్తు చేయించువరకు పిలువవలదు. నడిరాత్రి గర్భిణితో దారి మధ్య నిలిచిపోవుటకన్న పగలు ఒక గంట మెకానిక్కు దగ్గర నిలుచుట మేలని యజమానికి నచ్చచెప్పుడు. ఆ మాట మీరు చెప్పినచో గ్రామము వినును.