కొండపాట – కోనసీమ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన కోనసీమలో కొండ లేదు. కొబ్బరిచెట్టే మన కున్న ఎత్తు. అయినను మన పొలములలోని ఒండ్రు కొండలనుండి వచ్చినదే. పాపికొండల నొరసికొని వచ్చిన గోదావరి పాయలుగా చీలి, ఆ మన్నును మన లంకలలో పరచినది. మన సంగీతములో కొంత భాగము అట్లే కొండ దిగి వచ్చినదని నా మనవి.

తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) బాల్యముననే తిరుమల కాలిత్రోవ పట్టెననియు, మోకాళ్ల పర్వతముకడ అలసి సొమ్మసిల్లి, అచ్చటనే అలమేలుమంగపై శతకము చెప్పెననియు ఐతిహ్యము. ఆ కొండను ఆయన కాళ్లతో ఎరిగినవాడు. జనులతో కలిసి నడచినవాని పాటలోనికి జనుల సువ్వి, లాలి, జాజర బాణీలు వచ్చి చేరినవి. చరణము పాడి పల్లవికి మరలుట, నాలుగు మెట్లెక్కి నిలిచి ఊపిరి తీసికొనుటవలె నాకు తోచును.

ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) తొలికృతి, మాయామాళవగౌళ రాగమున, తిరుత్తణి కొండపైననే పుట్టినదందురు. ఆ ఊరు 1960 వరకు చిత్తూరు జిల్లాలోనిది. త్యాగరాజస్వామి (1767–1847) మనవలెనే డెల్టావాసి. కావేరి యొడ్డున తిరువయ్యారులో నివసించెను. ఆయనయు తిరుమల కేగి, తెర అడ్డమై దర్శనము కాక, గౌళిపంతు రాగమున మొరపెట్టెనని చెప్పుదురు. కొండ లేని సీమవానికి కొండపై ఆర్తి మెండు.

ఇక లెక్క చూడుడు. అన్నమయ్య సంకీర్తనలు 32,000 అని ఆయన వంశీయులు వ్రాసియుంచిరి. రాగిరేకులపై దొరకినవి పండ్రెండువేల పైచిలుకు. తక్కినవి చేజారినవి. దొరకిన రేకులును తిరుమల ఆలయమునందలి రాతి అరలో మరుగుపడియుండి, 1920 దశకమున గాని వెలికి రాలేదు. వానిపై రాగముల పేర్లున్నవి, స్వరములు లేవు. పాడువారు లేక తొలి బాణీలు నశింపగా, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మొదలగు విద్వాంసులు మరల స్వరపరుపవలసి వచ్చినది.

రాగిరేకు అక్షరమును కాపాడగలిగినది గాని పాటను కాపాడలేకపోయినది. కావున మన గ్రంథాలయపు బీరువాలో సంకీర్తన సంపుటము లుంచి తాళము వేసినంతమాత్రమున పని తీరదు. వారమున కొక సాయంకాలము ఈ అరుగుపైననే పిల్లలచే ఒక కీర్తన పాడింపుడు. నేర్పగల పెద్దలు మన ఊర నింకను ఉన్నారు. వారుండగనే నేర్వవలెను.

ఇదియే నా విన్నపము. సెలవు.