పడవ యడుగునకు రక్షాలేపనము



ప్రతిసంవత్సరమును ఈ వేదికమీద మమ్ము విద్యాభివృద్ధిని గూర్చియో మద్యపానమువలని నష్టములను గూర్చియో మాటలాడుమనుట వాడుక. ఈ యేడు కార్యవర్గమువారు పడవల యడుగునకు పూయు రంగును గూర్చి చెప్పుమనిరి. శబ్దమంజరి చెప్పుకొని బ్రతికినవారికి రంగుడబ్బాలతో నేమి పని యని కొందఱు నవ్వుచున్నారు. నవ్వుదురు గాక. మన కులమున పుట్టి పడవ యెట్లు చెడునో యెఱుగనివాడు లేడు. ఇదిగాక, వేట నిలుపు కాలమున రంగు కొనుటకు పడవలవారికి సంఘనిధినుండి బదు లీయవచ్చునా, ఈయదగినచో ఏ పడవకు ఏ రంగున కీయవలెను అను విషయము ఈ మధ్యాహ్నము తీర్మానమునకు రానున్నది. అందుచేత నేటి మాటలు వట్టి వినోదమునకు గావు.

ముందు శత్రువు నెఱుగవలెను. పడవను ఉప్పునీట దింపిన కొలది గంటలలోనే కంటికి గానరాని సూక్ష్మజీవులు అడుగున జేరి జిగురుపొర నేర్పఱచును. దానిపై నాచు మొలచును. పిమ్మట గుల్లలు వచ్చును. ఈ గుల్లలోని ప్రాణి నత్తజాతిది కాదు. పీతలకును రొయ్యలకును జ్ఞాతి. శైశవమున నీటిలో స్వేచ్ఛగా దిరుగును. తగిన తావు చిక్కినంతనే తలక్రిందుగా నిలిచి, తన యొడలినుండి యూరు బంకతో నంటుకొని, చుట్టును సున్నపుగోడ గట్టుకొని, యా మీదట ప్రాణమున్నంతవఱకు కదలదు. కాళ్లతో నీటిని దువ్వుచు తిండి సంపాదించుకొనును. ఇట్టివి వేలకొలది పట్టిన పడవ నీటిని చీల్చుకొని పోజాలదు, ఈడ్చుకొని పోవును. 2007వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక గణనము ప్రకారము, ఒక జాతి యుద్ధనౌక యడుగున గుల్లలు దట్టముగా బట్టినచో, అదే వేగముతో నడచుటకు నూటికి 86 వంతులవఱకు అధికశక్తి కావలసియుండును. మన పడవ యుద్ధనౌక కాదు గనుక ఆ యంకె మనకు యథాతథముగా జెల్లదు. కాని యే సరంగు నడిగినను, అడుగు గోకించిన మఱునాడు డీజిలు ఎంత మిగిలెనో తడుముకొనక చెప్పును.

కఱ్ఱపడవకు వేఱొక శత్రువు కలదు. అది తొలుచుపురుగు. పురుగని పేరే కాని అది ఆల్చిప్పల జాతికి జెందిన జీవము. గుండుసూది తలయంత రంధ్రము చేసికొని లోన ప్రవేశించి, తన చిన్ని చిప్పలనే ఆకురాయిగా జేసికొని కఱ్ఱను తొలుచుకొని పోవును. లోపల మూరెడు పెరిగినను వెలుపల ఆ రంధ్రమే కనబడును. పైకి నిండుగా నున్న పలక సుత్తితో దట్టినపుడు డొల్లమ్రోగుట మీలో పలువు రెఱుగుదురు. గుల్లలు మన సొమ్ము తినును. ఇది పడవనే తినును. కావున కఱ్ఱపడవకు రంగు వేయునపుడు చేతివెడల్పు చోటు విడిచిపెట్టినను పురుగునకు వాకిలి తెఱచియుంచినట్లే.

ఇవి యన్నియు మన రేవులలో బుట్టినవే కావు. విశాఖపట్టణపు రేవున 1967వ సంవత్సరమున క్రొత్త ఆల్చిప్పజాతి యొకటి కనబడెను. దాని జన్మభూమి మధ్య అమెరికా ప్రాంతము. ఓడల యడుగుల నంటియే యంత దూరము వచ్చియుండునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. మనుష్యులు యాత్రాపత్రములు లేక దాటజాలని సముద్రములను ఈ ప్రాణులు కూలి యీయక దాటుచున్నవి!

మన పెద్దలకు డబ్బాలోని రంగు లేదు. గుగ్గిలమును నూనెతో గాచి పూసెడివారు. పలకల సందులలో నూలు కూరెడివారు. అంతకంటె గొప్ప యుపాయములు వారికి రెండు కలవు. మొదటిది, వేటనుండి వచ్చిన తెప్పను ఇసుకమీదికి లాగి యెండనిచ్చుట. రెండవది, పెద్దపడవలను ఏటి పైభాగమునకు, తియ్యనినీటిలోనికి గొనిపోయి కొన్నాళ్లు నిలుపుట. ఉప్పునీటి ప్రాణులు తియ్యనినీట బ్రతుకజాలవు. కోరంగి, తాళ్లరేవు ప్రాంతముల ఓడల పని వర్ధిల్లుటకు కలప, పనివాండ్ర నేర్పులతోపాటు గౌతమీజలముల సామీప్యమును తోడ్పడియుండునని మా యూహ. 1789, 1839 సంవత్సరముల తుపానులకు కోరంగి పాడయ్యెను గాని, తాళ్లరేవున పడవల పని నిలువలేదు.

సంస్కృతమున భోజరాజు పేర బరగు యుక్తికల్పతరువు నౌకల లక్షణములు చెప్పుచు, సముద్రమున దిరుగు నౌకల పలకలను ఇనుముతో బంధింపరాదనును. నీటిలోని అయస్కాంతము ఇనుమును లాగునని అది చెప్పు కారణము. కారణము నేడు నిలువదు. కాని యినుము ఉప్పునీట మొదట చెడు లోహమని పనివాండ్రకు అనుభవమున దెలిసియుండవచ్చును.

ఆంగ్లేయులు 1761వ సంవత్సరమున అలారం అను తమ యుద్ధనౌక యడుగున రాగిరేకులు తాపించిరి. గుల్లలు పట్టలేదు, పురుగు తొలువలేదు. కాని రాగి తగిలినచోట్ల ఇనుపచీలలు తినివేయబడెను. ఉప్పునీట రెండు లోహములు కలిసియున్నచో బలహీనమైనది క్షయించును. 1824వ సంవత్సరమున హంఫ్రీ డేవీ యను రసాయన శాస్త్రవేత్త, రాగియు క్షయింపకుండ దానికి ఇనుము, జింకు ముక్కలను దగిలించెను. రాగి చక్కగా నిలిచెను. అయితే దానిపై గుల్లలు గుంపులుగా బట్టెను! ఇచట నాగి యోచింపుడు. రాగి కరగినంతకాలమే గుల్లలు చేరలేదు. కరగుట మానగానే చేరినవి. అనగా రక్షించునది రాగి కాదు, రాగి కరగుట. నేటి రంగుల తత్త్వమంతయు నీ యొక్క విషయమున నున్నది. ఎన్నటికిని అరుగని రంగు కావలెనని యంగడిలో నడుగువారు, పని చేయని రంగు కావలెనని యడుగుచున్నారు.

ఇప్పటి యాంటీఫౌలింగు రంగులలో చాలవాటికి బలము క్యూప్రస్ ఆక్సైడు అను ఎఱ్ఱని రాగిచూర్ణము. గట్టిరకములో పొర యట్లే యుండి రాగి మాత్రము మెల్లగా నూరిపోవును; కొంతకాలమునకు సారము లేని పొట్టు మిగులును; ఏటేట పూసినచో ఆ పొట్టు మందమై పెచ్చులూడును. అరుగురకములో పొరయే నీటి యొరపిడికి కొంచెము కొంచెముగా గరగి, క్రొత్త రాగిని బయలుపఱచుచుండును. ఇది నడచుచుండు పడవకు మేలు. నెలలతరబడి జెట్టీకి గట్టియుండు పడవకు దానివలన ఫలము తక్కువ. గట్టిదానిపై అరుగునది పూయవచ్చును. అరుగుదానిపై గట్టిది పూసినచో క్రింది పొరతోగూడ నూడివచ్చును. పాతరంగు పేరు తెలియనియెడల, గోకివేయవలెను. లేదా యా కంపెనీవారు చెప్పిన బంధకపు పూత నడుమ వేయవలెను. ఈ చిక్కు తప్పుటకు, పడవపుస్తకములో రంగు పేరును తేదిని వ్రాసియుంచుకొనుడు. మన పిల్లలు చదువుకొన్నందుకు ఈ మాత్ర ముపయోగపడరా?

ఇక పడవనుబట్టి రంగు. ప్రతిదినమును ఒడ్డునకు లాగబడు తెప్పకును, ఫైబరు పడవకును ఈ రంగు అక్కఱలేదు. ఎండియే గుల్లలు చచ్చును. మీదు మిక్కిలి ఇసుకమీది యీడ్పుతో రంగు రెండు వారములలో రాలిపోవును. అట్టివారికి బదు లిచ్చుట సొమ్ము ఇసుకలో బోయుట. ఎల్లవేళల నీటిలోనుండు ఫైబరు పడవకు అచ్చునుండి వచ్చిన మైనపుజిడ్డును ముందు తుడిచి, గరుకుకాగితముతో రుద్ది, ప్రైమరు పూసి యప్పుడు రంగు వేయవలెను. కఱ్ఱకు తేమ యాఱనిదే యేదియు నంటదు. ఉక్కుపడవకు రాగిరంగు సూటిగా దగులరాదు; నడుమ ఎపాక్సీ పొర నిండుగా నుండవలెను, లేనిచో డేవీనాటి కథయే పునరావృత్తమై యుక్కు క్షయించును. అల్యూమినియము విషయమున ఆ యపాయము మఱింత తీవ్రము గనుక క్యూప్రస్ ఆక్సైడు రంగు దాని దగ్గఱకే రానీయరాదు. దానికి దగినదని డబ్బాపై స్పష్టముగా వ్రాసియున్న రంగునే కొనవలెను. అడుగున బిగించిన జింకు దిమ్మలపై ఏ రంగును పూయకుడు. అవి పడవకు బదులుగా దాము క్షయించుటకే యున్నవి. రంగు పూసినచో వాని నోరు కట్టినట్లగును.

పూర్వము తగరపు రంగు శ్రేష్ఠమని చెప్పుకొనువారు నేటికిని రేవులలో కలరు. ట్రైబ్యూటైల్ తగరమను ఆ ద్రవ్యము గుల్లల నడచుటలో సాటి లేనిదే. కాని ఫ్రాన్సు దేశమున ఆర్కషాన్ అఖాతమున దానివలన ఆల్చిప్పల చిప్పలు వికారములై, సంతానము నశించి, వానిపై బ్రతుకు కుటుంబములు గుడ్లు తేలవేసినవి. ఆ ప్రభుత్వము 1982వ సంవత్సరమున చిన్నపడవలకు దానిని నిషేధించెను. 2001లో గుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 2008వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదిన అమలునకు వచ్చి, ఓడలన్నిటికిని దానిని నిషేధించెను. సైబ్యుట్రిన్ అను మఱియొక మందుకూడ 2023వ సంవత్సరము జనవరినుండి ఆ పట్టికలో జేరినది. పాతనిలువ యని యెవరైన చవుకగా నమ్మజూపినచో, అది మన నోటి కూటినే చంపు విషమని యెఱిగి తిరస్కరింపుడు.

రాగికిని విషగుణము లేకపోలేదు. గోకిన పొట్టును కాలువలోనికి త్రోయుట మన రేవులలో నొక దురాచారము. ఆ కాలువలలోనే, మడయడవుల వేళ్లనడుమనే రొయ్యపిల్లలు పెరుగును. క్రింద గోనెయో పట్టాయో పఱచి పొట్టు నెత్తి వేఱుగా నుంచుటకు ఎంత శ్రమ? అంతకంటె ముఖ్యమైనది గోకు మనుష్యుల సంగతి. పడవక్రింద వెలికిల పరుండి పొడిగా గీకుచుండగా ఆ ధూళి యంతయు వారి కన్నులలోను ముక్కులలోను బడుచున్నది. వారు పరులు కారు. పడవ లేని మనవారు, తఱచుగా చదువు మానిన పిల్లలు. తడిపి రుద్దించినచో ధూళి లేవదు. ముఖమునకు ముసుగు, కంటికి అద్దములు, చేతికి తొడుగులు ఈయని యజమానికి సంఘనిధినుండి బదులు పుట్టరాదని మే మీ సభలో స్పష్టముగా జెప్పుచున్నాము. పెద్దలలో నొకరిద్దఱకు ఈ మాట రుచింపలేదని వారి ముఖములే చెప్పుచున్నవి. రుచింపకున్నను తీర్మానమున నిది చేరవలెను. పదునాలుగేండ్లు నిండని పిల్లవానిని ఆ పనికి బెట్టిన యజమానికి అసలే యీయరాదు.

పూతను గూర్చి కొలదిగా. మన తీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు యంత్రపు పడవల వేట నిలుపుదల గనుక పని యప్పుడే జరుగును. రాగిచూర్ణము బరువైనది, డబ్బా యడుగున దిగును. అడుగంట గలుపక పైతేట పూసినవాడు వెల యిచ్చి నూనె పూసినవాడగును. పలుచన చేయుటకు కిరసనాయిలు పోయుట తగదు. ఒక డబ్బా ఎంత మేరకు వచ్చునో దానిపైనే వ్రాసియుండును. అంతకు రెట్టింపు మేరకు లాగుట పొదుపు కాదు. మొదటి పూత యొక వన్నె, రెండవది వేఱొక వన్నె యైనచో, పైపొర యరిగినపుడు క్రిందిది కనబడి హెచ్చరించును. నీటిగీతవద్దను, చుక్కానికిని, ముందుకొసకును ఒరపిడి హెచ్చు గనుక అచట నొక పూత అధికముగా వేయవలెను. కొన్ని రంగులు పూసిన పిమ్మట ఇన్ని దినములలో నీట దింపవలెనను నియమముతో వచ్చును. మే నెల మొదట పూసి జూను నడుమవఱకు ఎండలో నుంచువారు ఆ గడువు చదివి కొనవలెను. లేదా పూత జూను మొదటి వారమునకు వాయిదా వేయవలెను.

ఏ కంపెనీది మంచిదని మీ రడుగుదురు. మేము పేరు చెప్పము. ఒక రేవున బనిచేసినది వేఱొక రేవున బనిచేయకపోవచ్చును. నీటి యుప్పు, ప్రవాహము, పడవ నిలుచు దినములు అన్నియు వేఱు. సంఘమువారు అంగళ్లలో దొరకు నాలుగైదు రకములు కొనిపించి, జానెడు పలకలపై విధిప్రకారము పూయించి, ఏ రంగును పూయని పలక నొకదానిని వానితో జేర్చి, మన జెట్టీక్రింద ఒకే లోతున వ్రేలాడగట్టవలెను. నెలకొకసారి పైకి దీసి, ఎన్ని గుల్లలు పట్టెనో మన పాఠశాల బాలురచే లెక్కింపించి పుస్తకమున నెక్కింపవలెను. కఱ్ఱపలకలను సంవత్సరాంతమున చీల్చి లోపల పురుగును గూడ జూడవలెను. ఖర్చు స్వల్పము. పోషకులలో నొకరు ఆ పలకల వెల భరించుటకు ఇప్పుడే చీటి వ్రాసి పంపినారు, వారికి కృతజ్ఞతలు. త్రాళ్లు మాత్రము నైలానువి కావలెను, జనుపవి కుళ్లిపోవును.